ప్లీడరు దావీదురాజు రెండో పేరు

నందికొట్కూరు మేజిస్ట్రేటు కోర్టులో దావీదురాజు మొదటి కేసు వాదించిన రోజున, 1925లో, అతని భార్య జ్ఞానమణి తను చదువు చెప్పే మిషను బడికి సెలవు పెట్టి మరీ వెళ్ళింది. లోపల ఆడవాళ్ళకు చోటు లేదు. వరండాలో కిటికీ కమ్మీలు పట్టుకుని, మొగుడి వీపు చూస్తూ నిలబడి వింది. నల్లకోటు ఒక పాత వకీలు వాడి వదిలేసినది. భుజాల దగ్గర వదులు.

ముద్దాయి ఎర్రగట్టు పల్లెలో ఊరికి ఎడంగా ఉన్న మాలగేరి మనిషి. ఊరిపెద్ద ఓబుళరెడ్డి కళ్ళంలో జొన్నలు ఎత్తుకుపోయాడని కేసు. దావీదురాజు పుట్టిందీ ఆ గేరిలోనే. అతని తండ్రి అదే రెడ్డి ఇంట్లో జీతానికుండి, ఎద్దుల వెంబడి తిరిగి తిరిగి, చివరకు ఆ కొట్టంలోనే కన్నుమూశాడు. మిషనువాళ్ళు చేరదీసి ప్లీడరు పరీక్ష దాకా చదివించబట్టి గానీ, లేకపోతే కొడుక్కీ ఆ ఎద్దులే రాసిపెట్టి ఉండేవి.

సాక్ష్యం చెప్పవలసిన ఓబుళరెడ్డి బోనెక్కలేదు. మేజిస్ట్రేటు బల్ల పక్కన ఎవరో వేసిన కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"రెడ్డిగారూ, దొంగతనం మీరు కండ్లారా చూసినారా?" అని అడిగాడు దావీదురాజు.

"నేనేంటికి చూస్తానప్పా? నా మనుషులు చూసినారు."

"మంచిది. సాక్షి నిలబడే చోటు అదిగో, ఆడుండాది. మీరు ఈడ కూర్చున్యారు. లేసి ఆడికి వస్తే అడగాల్సిన మాటలు ఇంకా ఉండాయి."

మేజిస్ట్రేటు గొంతు సవరించుకుని, కానివ్వండి అన్నట్టు బోను వైపు చెయ్యి చూపించాడు. ఓబుళరెడ్డి లేచి వెళ్ళి నిలబడ్డాడు. నాలుగు ప్రశ్నలకే అతని మాట తడబడింది. కేసు కొట్టేశారు.

బయట గేరి జనం దావీదురాజును చుట్టుకున్నారు. పెద్ద ఈరన్న అనే ముసలాయన, దావీదురాజు తండ్రికి జతగాడు, ఆ నల్లకోటు అంచు పట్టుకుని ఏడ్చాడు. అంతలో ఓబుళరెడ్డి వచ్చాడు. తిడతాడనుకుని జనం పక్కకు జరిగారు. అతను నవ్వాడు.

"మా జీతగాని కొడుకు నన్ను లేపి నిలబెట్టినాడు చూడండప్పా! శానా గట్టోడు. ఇట్లాటోడు మన పక్కనుంటే ఎంత బాగుంటాది!"

ఇంటికి వచ్చేదాకా దావీదురాజు ఆ మాటే తలుచుకుని మురిశాడు. జ్ఞానమణికి మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. దెబ్బ తిన్నవాడు నవ్వితే ఆ దెబ్బ ఎక్కడో దాచుకున్నాడని అర్థం.

ఆ తర్వాత అతని పేరు పెరిగింది గానీ ఇల్లు పెరగలేదు. కక్షిదారులంతా గేరుల వాళ్ళే. ఫీజు కింద ఒకడు కొర్రలు తెచ్చేవాడు, ఇంకొకడు పొట్టేలును తోలుకొస్తానని చెప్పి మళ్ళీ కనిపించేవాడు కాడు. ఇల్లు గడిచింది జ్ఞానమణి జీతంతో. ఆమె పగలు బడిలో పిల్లలకు, పొద్దుగూకాక కూలి దిగి వచ్చిన పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. వారానికొకసారి ఎర్రగట్టు వెళ్ళి, గేరిలో చర్చి అని పిలుచుకునే బోదగడ్డి పాకలో లాంతరు వేలాడదీసి పలకలు పంచేది. పెద్ద ఈరన్న, అతని భార్య గంగక్క చర్చిలో కలిసినవాళ్ళు కారు. వాళ్ళ గ్రామదేవత సుంకులమ్మ వాళ్ళకుంది. అయినా పలక పట్టుకుని వచ్చేవాళ్ళు. ఈరన్న తన పేరు రాయడం వచ్చిన రోజున పలకను ఎత్తి లాంతరు దగ్గర పెట్టుకుని, "ఇదేనా నేను?" అని అడిగాడు.

1936 ఎండాకాలంలో ఒక సాయంత్రం ఓబుళరెడ్డి గూడుబండి ప్లీడరు ఇంటి ముందు ఆగింది. మంచం వాల్చారు. జ్ఞానమణి మజ్జిగ తెచ్చి ఇస్తే, "ఇప్పుడే తాగి వచ్చినా తల్లీ" అని పక్కన పెట్టించాడు.

"కొత్త చట్టం సంగతి వినింటావు. మద్రాసు అసెంబ్లీకి మన పక్క నుంచి ఇద్దరు పోవాల. ఒక సీటు అందరిదీ, ఇంకోటి మీవోళ్ళకని విడిగా పెట్టినారు. అందరిదానికి పార్టీ నన్ను నిలబెడతాండాది. రెండోదానికి నువ్వు నిలబడు. చదవను రాయను వచ్చినోళ్ళకల్లా ఓటంట. గేరుల్లో మీ టీచరమ్మ శానామందికి నేర్పించింది గదా, వాళ్ళు నీ మాట జవదాటరు. నీకొక ఓటేస్తారు, నాకొక ఓటేస్తారు."

వాకిట్లో నిలబడి ఉన్న జ్ఞానమణికి, తను చెయ్యి పట్టి దిద్దించిన అక్షరాలను ఎవడో సంతలో గొర్రెల్లా బేరం చేస్తున్నట్టు అనిపించింది.

"అయితే ఒక చిక్కుండాది" అన్నాడు రెడ్డి తాంబూలం నములుతూ. "ఆ సీటుకు కిరస్తానీ పనికిరాడని రాసినారు. హిందువై ఉండాలంట. దాందేముందిలే! కర్నూల్లో మనోళ్ళుండారు. తుంగభద్రలో మునిగి నాలుగు మంత్రాలు చెప్పించుకుంటే అయిపాయ. పేరు మార్చుకోవాల."

అతను వెళ్ళాక దావీదురాజు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. జ్ఞానమణి కదలకుండా వింది.

"ఎర్రగట్టులో నీళ్ళకు మనోళ్ళు ఎట్ల చస్తాండారో నీకు తెల్దా? ఎండాకాలంలో ఎండని బావి ఒక్కటే. దాని మెట్లు మనం దిగగూడదు. ఊరోళ్ళు ఎవరైనా దయతలచి పోసేదాకా మా అమ్మ కడవ పట్టుకోని గట్టు మీద కూర్చునేది. కోర్టులో నేను ఒక్కొక్కన్ని విడిపిస్తే ఏమొస్తాది? చట్టం చేసే కాడ కూర్చుంటే ఒక్క దెబ్బకు బావులన్నీ తెరిపిస్తా. దానికి వాళ్ళు అడిగేది పేరు. పేరే గదా, జ్ఞానమణీ."

"పేరే అయితే అంత పట్టుబట్టి ఎందుకు అడుగుతాండారు?"

దావీదురాజు ఆగాడు.

"మీరు నమ్మి మారితే నేను అడ్డం చెప్పను" అంది ఆమె. "నమ్మకుండా మారుతాండారు. అదే నాకు మింగుడు పడలా."

ప్రతి మాటకూ జవాబు తెలిసిన ప్లీడరు, కర్నూలుకు బండి ఎప్పుడుందో కనుక్కోవాలి అన్నాడు. అప్పుడే ఆమెకు తెలిసిపోయింది, నిర్ణయం అయిపోయిందని.

కర్నూల్లో తుంగభద్రలో మునిగిన దావీదురాజు దాసన్నగా గట్టెక్కాడు. అది వాళ్ళ తాత పేరు. జ్ఞానమణి వెళ్ళలేదు. నొసట విభూతితో అతను ఇంటికి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి, సంగటి పెట్టింది. ఊరంతా దాసన్న అనడం మొదలుపెట్టినా ఆమెకు మాత్రం అతను దావీదురాజే.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు లేవి అయ్యగారు ఆమెను పక్కకు పిలిచాడు. చెడ్డవాడు కాడు. పైవాళ్ళు చెప్పమన్న మాట చెప్పలేక చెప్పాడు.

"అమ్మా, నువ్వు ఆయన్ను వదిలి బడి ఇంట్లోకి రా. నీ ఉద్యోగం నిలబడతాది, ప్రభువు బల్లలో చోటు నిలబడతాది."

"ఆయన దేవుణ్ణి వదిలినాడని నన్ను మొగుణ్ణి వదలమంటాండారు. అందరూ వదిలేటోళ్ళే అయితే ఆ ఇంటికి ఉండేదెవరు అయ్యగారూ?"

ఆ నెల తిరిగేసరికి బడిలో ఆమె స్థానంలో వేరే టీచరు వచ్చింది. జ్ఞానమణి చర్చి మానలేదు. ప్రతి ఆదివారం చివరి వరసలో కూర్చునేది. ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం వరస వెంబడి వచ్చి, ఆమె దగ్గరికి రాగానే పక్కవాళ్ళకు వెళ్ళిపోయేవి.

ఎన్నికలు వచ్చాయి. ఒక్కో పక్షానికి ఒక్కో రంగు ఓట్ల పెట్టె, పార్టీది పసుపు పెట్టె. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు పెద్ద ఈరన్నతో సహా ఉతికిన పంచెలు కట్టుకుని వెళ్ళి ఓట్లేశారు. ఇద్దరూ గెలిచారు. ఓబుళరెడ్డి ఇంట్లో విందు జరిగింది. నడవలో వరసగా విస్తళ్ళు వేశారు. కొత్త ఎమ్మెల్యే దాసన్న విస్తరి మాత్రం బయట అరుగు మీద, ఒంటరిగా. "మీకు ఈడ గాలి బాగా వస్తాది" అన్నారట. అతను కూర్చుని తిన్నాడట. ఈ సంగతి అతను జ్ఞానమణికి చెప్పలేదు. శెట్టి అంగట్లో ఉప్పు కొంటుంటే పక్కనున్న ఆడవాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకోగా వింది.

మద్రాసులో మొదటి ఏడాది అతనికి నోరు తెరిచే పని పడలేదు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాలి, దించమన్నప్పుడు దించాలి. 1938లో మాత్రం అతను ఎదురుచూసిన బిల్లు వచ్చింది. పదిమందీ వాడుకునే బావి దగ్గర, దారిలో, ఏ కులంవాణ్ణీ అడ్డగించకూడదని. ఆ రోజు దావీదురాజు మాట్లాడాడు. కడవ పట్టుకుని గట్టు మీద కూర్చున్న తల్లి గురించి చెప్పాడు. సభంతా బల్లలు చరిచింది. ఇంటికి వచ్చి, జ్ఞానమణిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ప్రసంగమంతా నిలబడి మళ్ళీ చెప్పాడు. వింటూ వింటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తనే పొరబడిందేమో, పేరు ఇచ్చి నీళ్ళు తెచ్చినవాడు మంచి బేరమే చేశాడేమో అనుకుంది.

ఇద్దరూ కలిసి ఎర్రగట్టు వెళ్ళారు. గేరంతా కూడింది.

"ఇంక ఊరబావి అందరిదీ" అన్నాడు దావీదురాజు. "ఆపినోనికి శిక్ష. ఇది సర్కారు చట్టం. నేను చెయ్యెత్తి చేసిన చట్టం."

పెద్ద ఈరన్న ముందుకు వచ్చాడు. "దిగి ముంచుకోవచ్చునా నాయనా? మెట్లు దిగి?"

"దిగొచ్చు చిన్నాయనా."

"రెడ్డికి తెలుసునా?"

"ఆయన గూడా చెయ్యెత్తినాడు. నా కండ్లతో చూసినా."

దావీదురాజు మద్రాసు తిరిగి వెళ్ళాక ఒక పొద్దున ఈరన్న, గంగక్క కడవ తీసుకుని ఊరబావి మెట్లు దిగారు. గంగక్క కడవ ముంచి చంకన పెట్టుకుంది. పైకి వచ్చేసరికి రెడ్డి మనుషులు కట్టెలతో నిలబడి ఉన్నారు. ఈరన్నను కొట్టి, కిందికి తోశారు. రాతిమెట్ల మీద దొర్లుకుంటూ పోయాడు.

గంగక్క అతన్ని బండిలో వేసుకుని నందికొట్కూరుకు, టీచరమ్మ ఇంటికి వచ్చింది. జ్ఞానమణి ఆ బండిలోనే ఎక్కి కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముసలాయన కొన్నాళ్ళు మూలిగాడు. మూలుగు మధ్యలో ఒకటే మాట: "కడవ నిండా ముంచింది. అంతా ఒలికిపాయ."

అతను పోయాడని తెలిసి దావీదురాజు మద్రాసు నుంచి వచ్చాడు. ఆసుపత్రి గుమ్మంలోనే పెద్దగా అరిచాడు, వాళ్ళను ఉరికంబం ఎక్కించకపోతే తన పేరు దావీదురాజు కాదని. అన్నాక, అన్న మాట తన చెవినే పడి, తల వంచుకున్నాడు.

పోలీసులు కేసు రాసుకున్నారు. సాక్షి గంగక్క ఒక్కతే. ఆమె ప్లీడరు ఇంట్లోనే ఉంది. విచారణ దగ్గరపడుతుండగా ఓబుళరెడ్డి కబురు పెడితే దావీదురాజు వెళ్ళాడు. వెళ్ళిన మనిషి వేరు, తిరిగివచ్చిన మనిషి వేరు. వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్న గంగక్క ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"చిన్నమ్మా, ఈ కేసు నిలబడదు. ఊర్లో ఒక్కడూ సాక్ష్యానికి రాడు. మద్రాసు నుంచి పార్టీ పెద్దలు చెప్పంపినారు, ఇప్పుడు ఈ గొడవ వద్దని. మనం పట్టుబడితే నన్ను తీసేస్తారు, ఇంక మనోళ్ళ కోసరం మాట్లాడేటోడే ఉండడు. గేరికి వేరే బావి తవ్విస్తానని రెడ్డి మాటిచ్చినాడు." అతని గొంతు కోర్టులో ఉన్నంత సాఫుగా ఉంది. "పైమెట్టు మీద కాలు జారి పడినాడని చెప్పు. అంతే."

గంగక్క అతని వైపు చూసింది. తర్వాత జ్ఞానమణి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు టీచరమ్మా. ఏం చెప్పాల?"

"నిజం చెప్పు గంగక్కా. కోర్టుకు నీతో నేనొస్తా."

"జ్ఞానమణీ!" అని కసిరాడు దావీదురాజు.

గంగక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నువ్వు నిజం చెప్పించి నీ ఇంటికి వస్తావమ్మా. నేను ఎర్రగట్టుకు పోవాల. నిజం చెప్పమనేటోళ్ళు, అబద్ధం చెప్పమనేటోళ్ళు ఇద్దరూ నందికొట్కూరులోనే ఉండారు. ఆడ లేస్తే రెడ్డి మొగం చూసేదాన్ని నేనొక్కదాన్నే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాలు జారినాడనే చెప్తాలే నాయనా. నీ చట్టం సల్లగుండనీ."

అలాగే చెప్పింది. కేసు పోయింది. గంగక్క మాత్రం ఎర్రగట్టులో ఉండలేకపోయింది. బావి దిగిందన్న కోపంతో ఆ ఊరివాళ్ళు ఆమెకు కూలి పెట్టలేదు. కమలాపురం పక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. రెడ్డి మాటిచ్చిన గేరి బావికి మనిషి ఎత్తు తవ్వాక బండ తగిలింది. మందుగుండు తెప్పిస్తామన్నారు. తెప్పించలేదు. మేకలు పడకుండా దానిచుట్టూ కంప నాటారు.

1939లో మంత్రివర్గం దిగిపోయింది. మరుసటి ఏడు సత్యాగ్రహమంటే దావీదురాజు అందరికంటే ముందు పేరిచ్చి జైలుకు వెళ్ళాడు. శిక్ష కోరుకుని వెళ్ళినట్టు వెళ్ళాడు. ఏ తప్పుకు అన్నది భార్యాభర్తలిద్దరికీ తెలుసు. అతను లోపలున్నంత కాలం జ్ఞానమణి జిల్లా బోర్డు బడిలో పని సంపాదించుకుని ఇల్లు నిలబెట్టింది. బయటికి వచ్చి మళ్ళీ కోటు తొడుక్కుంటే గేరుల నుంచి ఒక్క కక్షిదారూ రాలేదు. వాళ్ళు వేరే ప్లీడర్లకు ఫీజులిచ్చి మరీ వాదించుకున్నారు.

1946లో మళ్ళీ ఎన్నికలు. తన సీటు తనదేనని అతను ఖద్దరు చొక్కాలు ఉతికించుకున్నాడు. ఓబుళరెడ్డి పిలిపించి చెప్పాడు: "నీ పెండ్లాం ఇంకా చర్చికి పోతాండాదంట గదప్పా. ఎదుటోళ్ళు కోర్టుకెక్కితే సీటు పోతాది. పార్టీ ఒప్పుకోదు."

పోయినసారి కూడా ఆమె చర్చికి పోతూనే ఉంది. అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ సంగతి దావీదురాజుకు తట్టలేదో, తట్టినా పైకి అనలేకపోయాడో. నేరుగా ఇంటికి వచ్చాడు. జ్ఞానమణి చేటలో జొన్నలు చెరుగుతోంది.

"ఒక్క పూట కర్నూలుకు రా. నది కాడ అరగంట పని. నువ్వు నమ్మాల్సిన పని లేదు."

ఆమె చెయ్యి ఆగింది.

"ఆ పొద్దు మిమ్మల్ని నేను ఆపలేదు" అంది. "ఈ పొద్దు మీరు నన్ను అడక్కుండా ఉండాల్సింది."

"నా బతుకంతా దీంట్లోనే పోసినా జ్ఞానమణీ!"

"నా బతుకు గూడా దాంట్లోనే పోసినారు. ఇంకేం మిగిలిందని అడుగుతాండారు? ఆదివారం ఆ చివరి వరస ఒక్కటి మిగిలింది. అది ఇయ్యను."

సీటు అయ్యన్న అనే మనిషికి ఇచ్చారు. రెడ్డి చేను చూసుకునేవాడు. జ్ఞానమణి దగ్గరే ఐదో తరగతి దాకా చదివాడు. ఇంటికి వచ్చిన ప్రతివాడితోనూ దావీదురాజు, "దీనివల్లనే పాయ" అని భార్యను చూపించి చెప్పాడు. చివరికి అయ్యన్నే ఒక రోజు వచ్చి, సిగ్గుపడుతూ నిజం చెప్పాడు.

"వకీలన్నా, వదినను అనొద్దు. నీకు మాటలొస్తాయంట, నాకు రావంట. అందుకే నన్ను పెట్టినామని రెడ్డే నాతో అన్యాడు."

దావీదురాజు ఆ రోజు నుంచి ఆమెను అనడం మానేశాడు. తప్పయిందని మాత్రం అనలేదు.

ఇంకో ఏడాదికి స్వతంత్రం వచ్చింది. తాలూకా కచేరీ ముందు జెండా ఎగరేస్తారని, ఎమ్మెల్యే నాలుగు మాటలు మాట్లాడాలని చెప్పారు. అయ్యన్న గుండె జారి ప్లీడరు ఇంటికి వచ్చాడు. "నువ్వే రాసియ్యాల వకీలన్నా. చూసి చదువుతా." దావీదురాజు వద్దంటాడనుకుంది జ్ఞానమణి. అతను కలం తీసుకుని కూర్చున్నాడు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, అయ్యన్న చేత పైకి చదివించి, నత్తి పడ్డచోట మాటలు మార్చి ఇచ్చాడు. ఆ పనిలో గడిచిన రెండు పూటలూ అతని మొహంలో ఆమె చాలా ఏళ్ళుగా చూడని కళ కనిపించింది.

జెండా రోజు ఉదయం భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. వేదిక మీద కుర్చీల్లో పెద్దలు కూర్చున్నారు. వీళ్ళను ఎవరూ పిలవలేదు. ప్రహరీ నీడలో జనం మధ్య నిలబడ్డారు. జెండా ఎగిరింది. పిల్లలకు బెల్లం పంచారు. అయ్యన్న కాగితం విప్పి రెండు వాక్యాలు చదివి, మూడోదాని దగ్గర తడబడి, మొదటికి వచ్చాడు. జనం నవ్వారు. ఓబుళరెడ్డి లేచి, వెన్ను తట్టి, అతని చేతిలో కాగితం తీసుకుని తనే చదవడం మొదలుపెట్టాడు. గంభీరమైన గొంతు. ప్రతి వాక్యానికీ చప్పట్లు. ఇది రెడ్డిగారి మాటేననుకుని, ఎవడో "ఏం మాట్లాడతాండాడప్పా!" అన్నాడు.

జ్ఞానమణి పక్కకు చూసింది. దావీదురాజు పెదవులు కదులుతున్నాయి. రెడ్డి కంటే అర మాట ముందే ప్రతి మాటా లోలోపల పలుకుతున్నాడు. చప్పట్లు కొట్టినప్పుడల్లా అతని గడ్డం కొంచెం పైకి లేస్తోంది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఎండ ముదిరింది. మలుపు తిరిగాక, ఆమె మొహం చూడకుండా అడిగాడు.

"బాగుండిందా?"

"బాగుండాది" అంది జ్ఞానమణి. "మీ మాటలెప్పుడూ బాగానే ఉంటాయి."

ఇంకేదో అంటుందని అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చెంగు తల మీదికి లాక్కుని, కొంచెం ముందుగా నడిచింది. ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించాలి.